ట్రాకియాస్టమీ ఉన్న పాపను ఇంటికి తీసుకెళ్లమంటున్నారు, ఊళ్లో ఎలా చూసుకోవాలి?

కోరుట్ల_నాన్న

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగేళ్లు. పుట్టుకతోనే కండరాల జబ్బు ఉంది. ఈసారి న్యుమోనియా ముదిరి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి పీఐసీయూలో (పిల్లల ఐసీయూ) చేర్చాం. వెంటిలేటర్ తీస్తే ఊపిరి అందలేదు, అందుకని గొంతుకు ట్రాకియాస్టమీ చేశారు, అంటే మెడ ముందు రంధ్రం చేసి ఊపిరికి ట్యూబ్ పెట్టారు. మింగలేకపోతోందని నేరుగా తిండి ఇవ్వడానికి పొట్టకు పెగ్ ట్యూబ్ కూడా వేశారు. ఇప్పుడు పగలంతా మిషన్ లేకుండానే బాగుంటోంది. రాత్రి నిద్రలో మాత్రం చిన్న వెంటిలేటర్ పెట్టాలి, ఒక్కోసారి కొంచెం ఆక్సిజన్ కావాలి. ఇంటికి తీసుకెళ్లి చూసుకోవచ్చని డాక్టర్లు అంటున్నారు.

మాకూ ఇంటికి వెళ్లాలనే ఉంది. పాప వాళ్లమ్మ కనబడకపోతే ఏడుస్తుంది. గొంతులో ట్యూబ్ ఉంది కాబట్టి ఏడుపు బయటికి వినబడదు, మొహం మాత్రమే మారుతుంది. పెద్దోడు రెండో తరగతి, అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. నాకు చిన్న మొబైల్ షాపు, చాలా రోజులుగా మూతపడే ఉంది.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. ఇంటికి కావలసిన మిషన్లు, నర్సు సంగతి అడిగితే ప్యాకేజీలో లేవన్నారు. మా ఊళ్లో ఇలాంటి పాపను చూసిన డాక్టరు కూడా లేరు. మీలో ఎవరైనా ఇంట్లో చూసుకుంటున్నారా? కరెంటు పోతే ఏం చేస్తారు? నర్సు దొరుకుతుందా? నిజం చెప్పండి, మేము చేయగలమా?

హన్మకొండ_శారద

అన్నా, చేయగలరు. మా బాబుది కూడా ఇదే పరిస్థితి. కొన్నేళ్లుగా ఇంట్లోనే చూసుకుంటున్నాం. అయితే డిశ్చార్జ్ తేదీ విషయంలో తొందరపడకండి. మీ ఇద్దరికీ పని చేతికి వచ్చేదాకా ఆసుపత్రి నుంచి కదలకండి. ఇద్దరూ అంటే నిజంగా ఇద్దరూ. చాలా ఇళ్లలో తల్లికి ఒక్కదానికే నేర్పిస్తారు, ఆమెకు జ్వరం వస్తే ఇల్లంతా ఆగిపోతుంది. మూడో మనిషి కూడా ఉంటే ఇంకా మంచిది. మాకు మా ఆడపడుచు నేర్చుకుంది.

వెళ్లే ముందు రెండు రోజులు వార్డులో ఒక రూమ్ అడగండి. అన్ని పనులూ మీరే చేయండి, నర్సులు పక్కనుంచి చూస్తారు. సక్షన్ (ట్యూబ్‌లోంచి కఫం లాగడం), ట్యూబ్ మార్చడం, టేపులు కట్టడం, పెగ్‌లో ఫీడ్, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) కొట్టడం, అన్నీ. రాత్రి కూడా మీరే లేవాలి. ఆ రెండు రాత్రుల్లో మీకు ఏది రాదో మీకే తెలిసిపోతుంది.

మా ఇంట్లో రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను. బాబు మంచం తలవైపు ఒక చెక్క బల్ల. దాని మీద సక్షన్ మిషన్, కాచి చల్లార్చిన నీళ్ల సీసా, కెథెటర్లు (కఫం లాగే సన్నటి గొట్టాలు), గ్లవ్స్, అంబు బ్యాగ్. గోడకు మేకు కొట్టి ఒక జిప్ కవర్ వేలాడదీశాం. అందులో స్పేర్ ట్యూబులు, టేపులు, కత్తెర. చీకట్లో చెయ్యి చాపితే అందాలి, వాటిని ఎవ్వరూ కదపకూడదు. ఒంటిగంటకో రెండింటికో గొంతులో గరగర మొదలవుతుంది. లేచి చేతులు కడుక్కుని, మిషన్ ఆన్ చేసి, కఫం తీసి, ఆక్సీమీటర్‌లో నంబరు పైకి వచ్చేదాకా కూర్చుంటాను. కఫం ఎక్కువగా ఉన్న రాత్రులు మళ్లీ మళ్లీ లేవాలి. మా ఆయనా నేనూ వంతులు వేసుకున్నాం: రెండింటిదాకా ఆయన, తర్వాత నేను. ఈ వంతు లేకపోతే ఏ ఇల్లూ నిలబడదు, ముందే మాట్లాడుకోండి.

పిల్లల_ఐసీయూ_నర్స్

శారద గారు చెప్పినవన్నీ సరైనవే. కొన్ని కలుపుతాను. ఇవి మీ డాక్టరు చెప్పే మాటలకు బదులు కాదు, అడిగి నిర్ధారించుకోండి.

పాప పక్కన ఎప్పుడూ రెండు స్పేర్ ట్యూబులు ఉండాలి. ఒకటి ఇప్పుడున్న సైజే, ఇంకొకటి ఒక సైజు చిన్నది. ట్యూబ్ ఊడిపోయినప్పుడు అదే సైజు వెళ్లకపోతే చిన్నది వెళ్తుంది. స్నానానికి తీసుకెళ్లినా, పక్కింటికి వెళ్లినా ఆ కవరు పాపతో పాటే వెళ్లాలి. సక్షన్ కెథెటర్ ఎంత లోపలికి పోవాలో వార్డులోనే కొలిచి ఇస్తారు, ఆ కొలత రాసి గోడకు అంటించండి. అంతకంటే లోపలికి నెడితే లోపల పుండు పడుతుంది. ఒక్కసారి సక్షన్ పది సెకన్లు దాటకూడదు. మెడ చుట్టూ టేపు కింద ఒక వేలు మాత్రమే పట్టాలి. వదులైతే ట్యూబ్ బయటికి వస్తుంది, బిగుతైతే చర్మం చెడుతుంది.

ఇంకో మాట. డిశ్చార్జ్ సమ్మరీలో ట్యూబ్ కంపెనీ, సైజు, కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ) ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు మార్చారో, వెంటిలేటర్ సెట్టింగ్స్ ఏమిటో స్పష్టంగా రాయించుకోండి. రాత్రిపూట మీ దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తితే అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆ కాగితమే ఆధారం. జిరాక్స్ తీసి ఒకటి ఇంట్లో, ఒకటి బండిలో, ఒకటి మీ అత్తగారింట్లో పెట్టండి.

మిషన్లు మాత్రం మీ డాక్టరు మోడల్ రాసి ఇచ్చాకే కొనండి. ఆ మిషన్ మీదే వార్డులో పాపను కొన్ని రోజులు ఉంచి చూడాలి.

రిటైర్డ్_ఏఈ

కరెంటు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను.

అయిదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) సుమారు 350 వాట్లు లాగుతుంది. ఇళ్లలో ఉండే 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్‌లో పోయేది పోగా కాన్సంట్రేటర్ ఒక్కటే పెడితే మూడున్నర, నాలుగు గంటలు రావచ్చు. బ్యాటరీ పాతదైతే అందులో సగమే. కాబట్టి ఫ్యాన్లు, టీవీ ఆ ఇన్వర్టర్‌కు తగిలించొద్దు. పాప గదికి వేరే లైన్ లాగించండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి, మెడికల్ మిషన్లకు అదే మంచిది.

కాన్సంట్రేటర్‌ను మాత్రమే నమ్ముకోవద్దు. బి-టైప్ ఆక్సిజన్ సిలిండర్ ఒకటి నిండుగా ఉంచండి. అందులో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి ఒక లీటరు చొప్పున పెడితే ఒక రోజు గడుస్తుంది. సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టండి, ఆ గదిలో దీపం, అగరొత్తి వెలిగించొద్దు. కాలితో తొక్కే సక్షన్ పంపు కూడా దొరుకుతుంది, దానికి కరెంటుతో పనే లేదు.

మీ కరెంటు సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు) ఒక అర్జీ రాయండి: ఈ సర్వీసు నంబరు ఇంట్లో ప్రాణాధార మిషన్ మీద పాప ఉంది, షట్‌డౌన్ తీసుకునే ముందు ఫోన్ చేయండి అని. డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. అలా చెప్పి తీరాలని రూలు ఉందని కాదు, లైన్‌మన్‌కు తెలిస్తే ఫోన్ చేస్తాడు. ఊళ్లో వాళ్లు అంత మాత్రం చూస్తారు. కరెంటు కంప్లైంట్ల నంబరు 1912 ఎలాగూ ఉంది.

వేణు_ఖమ్మం

అందరూ ఎలా చేయాలో చెప్తున్నారు. నేను వేరే మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆసుపత్రిలో మూడు షిఫ్టుల్లో నర్సులు చేసే పని ఇంట్లో ఒక తల్లి ఎందుకు చేయాలి? మా అక్క ప్రైవేటు స్కూల్లో టీచరు. కూతురికి ఫిట్స్, సెరిబ్రల్ పాల్సీ, ముక్కు ట్యూబ్‌తో ఫీడ్. అక్క ఉద్యోగం మానేసింది. బావ జీతంలో సగం మందులకు పోతుంది. ఒక ఏజెన్సీ నుంచి అటెండర్‌ను పెట్టుకున్నారు. నెలకు అడిగినంత ఇచ్చినా, వచ్చిన అమ్మాయికి ఫీడ్ ఇచ్చేముందు పాప తల పైకెత్తాలని కూడా తెలియదు. అక్కే పక్కన కూర్చుని నేర్పాల్సి వచ్చింది, నేర్చుకున్నాక ఆ అమ్మాయి వేరే ఇంటికి వెళ్లిపోయింది.

బెడ్ ఖాళీ కావాలి కాబట్టి ఇంటికి పంపుతారు. ఖర్చు, చాకిరీ, భయం అన్నీ ఇంటి మీదకు నెట్టేస్తారు. దాన్ని "హోమ్ కేర్" అంటున్నారు. అన్నా, మీ పాపకు అన్ని ఏర్పాట్లూ అయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచండి. అదే సేఫ్.

హన్మకొండ_శారద

వేణు గారూ, మీ అక్క గురించి చదివితే బాధేసింది. చాకిరీ గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ ఆసుపత్రే సేఫ్ అన్నమాటకు నేను ఒప్పుకోలేను. పీఐసీయూలో ఉన్నన్నాళ్లూ మా బాబుకు ఒక ఇన్ఫెక్షన్ తగ్గేలోపు ఇంకొకటి పట్టుకునేది. పగలూ రాత్రీ తేడా తెలియని లైట్లు, పక్క బెడ్ మీద ఏదో ఒక ఎమర్జెన్సీ. ఇంటికి వచ్చాక వాడు నిద్రపోవడం మొదలుపెట్టాడు, బరువు పెరిగాడు, వాళ్లక్కతో ఆడుకుంటున్నాడు. పిల్లలు పెరగాల్సింది ఇంట్లోనే. ఆ పెరుగుదలకు అయ్యే ఖర్చు మొత్తం మేమే ఎందుకు మోయాలి అన్నదే నా కోపం కూడా.

డల్లాస్_పద్మ

వేణు గారి ప్రశ్నకు అమెరికాలో నలభై ఏళ్ల కింద ఒక జవాబు వచ్చింది. మా పాప వల్ల నాకు ఆ కథ తెలిసింది, అందుకే రాస్తున్నాను.

అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే పాప 1978లో పుట్టింది. కొన్ని నెలల వయసులోనే మెదడువాపు వచ్చి వెంటిలేటర్ మీదకు వెళ్లింది. మూడేళ్లు వచ్చేసరికి ఇంటికి వెళ్లేంత బాగుపడింది. కానీ ఆసుపత్రిలో ఉంటేనే మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం) డబ్బు కడుతుంది. ఇంటికి వెళ్తే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి సాయం ఆగిపోతుంది. ఇంట్లో అయ్యే ఖర్చు ఆసుపత్రి ఖర్చు కంటే ఎన్నో రెట్లు తక్కువ. అయినా రూలు రూలే. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ప్రెస్ మీట్‌లో ఈ పాప సంగతి ఎత్తారు. ఆ డిసెంబరులోనే పాప ఇంటికి వెళ్లింది. మరుసటేడు చట్టమే మార్చారు: ఆసుపత్రి స్థాయి వైద్యం అవసరమైన పిల్లలకు ఇంట్లో వైద్యం ఇస్తే, తల్లిదండ్రుల ఆదాయం చూడకుండా రాష్ట్రాలు మెడికెయిడ్ ఇవ్వొచ్చు. వాళ్లమ్మ జీవితమంతా ఈ పని మీదే తిరిగారు. కేటీ కాలేజీ చదివి, 2012లో 34 ఏళ్ల వయసులో చనిపోయింది.

అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. మేముండే టెక్సాస్‌లో ఇలాంటి పిల్లల ప్రోగ్రామ్‌కు ఏళ్లకేళ్లు వెయిటింగ్. కాగితం మీద నర్సింగ్ గంటలు మంజూరైనా, రాత్రి షిఫ్టుకు నర్సు దొరకక మేమే మేలుకున్న వారాలు ఎన్నో. కొలరాడో లాంటి కొన్ని రాష్ట్రాల్లో తల్లికో తండ్రికో ట్రైనింగ్ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, సొంత బిడ్డను చూసుకున్నందుకు గంటల లెక్కన జీతం ఇస్తారు. మీ అక్క లాంటి వాళ్లకు కావలసింది అదే కదా.

ఏఈ గారు రాసినట్టే ఇక్కడా కరెంటు కంపెనీకి డాక్టరు సంతకంతో ఫారమ్ ఇస్తాం. కరెంటు పోదని గ్యారంటీ ఏమీ లేదని ఆ ఫారమ్ మీదే ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో ఆ మాట మాకు బాగా అర్థమైంది. అప్పటి నుంచి ఇంట్లో సిలిండర్, జనరేటర్ రెండూ ఉంటాయి.

నరసరావుపేట_శ్రీను

పద్మగారు చెప్పింది చదివాక మన దగ్గర సంగతి చెప్పాలనిపించింది. ఆంధ్రాలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6 వేలు, పక్షవాతంతో లేదా తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికే పరిమితమైనవాళ్లకు 15 వేలు. మా అన్న కొడుకు పదేళ్లవాడు, కండరాల జబ్బే, ఆ 15 వేలు వస్తున్నాయి. ఆ డబ్బుతోనే ఆ ఇంట్లో సక్షన్ కెథెటర్లు, డైపర్లు, ఫిజియో నడుస్తున్నాయి. తెలంగాణలో ఇంకా 4,016 దగ్గరే ఉంది కదండీ. కోరుట్ల అన్నయ్యా, పాపకు వైకల్యం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు) లేకపోతే ముందు ఆ పని చూడండి. ఏ స్కీముకైనా అదే తలుపు.

ఇంకో సంగతి. 2025 జనవరి నుంచి మంచం మీద ఉన్నవాళ్ల పింఛన్ల తనిఖీకి డాక్టర్ల బృందాలు ఇళ్లకే వచ్చాయి. మా వాడి దగ్గరికీ వచ్చారు. చూశారు, కాళ్లు వంచి చూశారు, ట్యాబ్‌లో ఎక్కించుకున్నారు, వెళ్లిపోయారు. వచ్చినవాళ్లలో ఎముకల డాక్టరు ఉన్నారు. మా వదిన ఆయన్ని "వీడి వీపు మీద పుండు ఒకసారి చూడండి సార్" అని అడిగింది. పాపం ఆయన చూసి మందు రాసిచ్చారు, అది ఆయన మంచితనం, ఆయన వచ్చిన పని అది కాదు.

తనిఖీకి ఇంటిదాకా రాగలిగిన బృందం, మూణ్నెల్లకోసారి వైద్యానికి ఎందుకు రాకూడదు? పేర్లున్నాయి, అడ్రసులున్నాయి, బండి ఉంది, డాక్టరున్నారు. లిస్టు కూడా వాళ్ల దగ్గరే ఉంది.

వేణు_ఖమ్మం

శ్రీను గారూ, ఇది గట్టి పాయింటు. దీన్ని వదలకూడదు.

ఫిజియో_మహబూబ్‌నగర్

తెలంగాణలో ఆ బండి ఒకటి ఇప్పటికే ఉంది. చాలామందికి తెలియదు. జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ సెంటర్లు పెట్టారు, వాటితో పాటు "ఆలన" పేరుతో ఇంటింటికీ వెళ్లే వాహనం. అందులో నర్సు, ఫిజియో వెళ్తారు. మొదట చేవెళ్లలో చేసి చూసి తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించారు. ఎక్కువగా క్యాన్సర్, పక్షవాతం ఉన్న పెద్దవాళ్ల దగ్గరికే వెళ్తున్నారు. పిల్లల కోసం అడిగేవాళ్లు లేరు.

ఎందుకు అడగరంటే పాలియేటివ్ అన్న పేరు వినగానే భయం. "మా పాప చనిపోతుందని చెప్తున్నారా?" అని ఒక తండ్రి నా మీద కేకలేశాడు. పిల్లల విషయంలో పాలియేటివ్ కేర్ జబ్బు తెలిసిన రోజు నుంచే మొదలవ్వాలి, జబ్బుకు వైద్యం నడుస్తుండగానే ఇదీ నడవాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. నొప్పి, ఊపిరి, తిండి, నిద్ర, ఇంట్లోవాళ్ల టెన్షన్, ఇవన్నీ చూసేదే అది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు ఇలాంటి విభాగం చాలా ఏళ్లుగా ఉంది. స్పర్శ్ హాస్పిస్ వాళ్లు నగరంలో ఇళ్లకు ఉచితంగా వెళ్తారు. కోరుట్లకు మాత్రం వీళ్లు రాలేరు. అన్నా, మీరు జగిత్యాల ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ సెంటర్ గురించి అడిగి పాప పేరు రాయించండి. ట్రాకియాస్టమీ ట్యూబ్ మార్చడం ఆ టీముకు రాకపోవచ్చు. అయినా నెలకోసారి ఒక నర్సు వచ్చి చర్మం, పెగ్, బరువు చూసినా మీకు కొండంత అండ. వాళ్ల ఫోన్ నంబరు మీ పాప డాక్టరుకు ఇవ్వండి, ఇద్దరూ మాట్లాడుకుంటే సగం సమస్యలకు హైదరాబాద్ ప్రయాణం తప్పుతుంది.

పిల్లల_ఐసీయూ_నర్స్

ఫిజియో గారి చివరి మాట చాలా ముఖ్యం. మా వార్డు నుంచి ఇంటికి వెళ్లిన పిల్లలు తిరిగి రావడానికి ఎక్కువసార్లు కారణం చిన్నది: కెథెటర్లు అయిపోయి పాతవే వాడటం, పెగ్ చుట్టూ ఎర్రబడితే ఎవరినీ అడగలేక ఆగడం. ఒక వీడియో కాల్‌తో పోయేవి.

టీచరమ్మ_నల్గొండ

రెండు మూడు డబ్బు విషయాలు చెప్పి వెళ్తాను. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వారి "నిరామయ" బీమా ఉంది. లక్ష రూపాయల దాకా, ఓపీడీ, మందులు, థెరపీ కూడా వస్తాయి. కట్టేది కొన్ని వందలే. వేణు గారూ, మీ అక్క కూతురికి ఇది వర్తిస్తుంది. కోరుట్ల అన్నయ్య పాపకు సర్టిఫికెట్‌లో ఏం రాస్తారో దాన్ని బట్టి. ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్లకు పాత పన్ను పద్ధతి ఎంచుకుంటే, వైకల్యం ఉన్న బిడ్డను చూసుకుంటున్నందుకు 75 వేలు, వైకల్యం 80 శాతం లేదా అంతకంటే ఎక్కువైతే 1,25,000 తగ్గింపు.

ఉద్యోగం చేసే తల్లులకు: కేంద్ర ప్రభుత్వంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది, వైకల్యం ఉన్న బిడ్డకు 18 ఏళ్ల పరిమితి వర్తించదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిమాచల్‌కు చెందిన ఒక కాలేజీ టీచరు కేసులో, వైకల్యం ఉన్న బిడ్డ తల్లికి ఈ సెలవు ఇవ్వకపోవడం రాజ్యాంగ బాధ్యతకు విరుద్ధమని చెప్పింది. మీ ఆఫీసులో కాదంటే ఆ తీర్పు కాపీ పట్టుకెళ్లండి. ప్రైవేటులో చేసేవాళ్లకు ఇలాంటి రక్షణ లేదు, వేణు గారి అక్క ఉద్యోగం మానేయాల్సి వచ్చింది అందుకే.

భవిత_ఐఈఆర్‌పీ

నేను మండల భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్తాను. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వారానికోసారి వెళ్తాం. అన్నగారి పాపకు ఇంకా నాలుగేళ్లే, అయినా అంగన్‌వాడీలో పేరు ఉంచండి, బడి వయసు వచ్చేసరికి లిస్టులో కనబడాలి. లిస్టులో లేని పిల్లలకు ఏదీ రాదు.

పాప మాట్లాడలేదు కాబట్టి ఇప్పుడే బొమ్మల కార్డులు మొదలుపెట్టండి. ఖర్చేమీ లేదు. అమ్మ, నాన్న, నొప్పి, కఫం, చల్లగా ఉంది, టీవీ, అన్న. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో బొమ్మ. నేను వెళ్లే ఒక ఇంట్లో పాప "కఫం" కార్డును కళ్లతో చూస్తుంది, వాళ్లమ్మ వెంటనే సక్షన్ పెడుతుంది. అంతకు ముందు ఆ పాప చెప్పలేక చెయ్యి కొరుక్కునేది. ఇప్పుడు మానేసింది.

పిల్లల_ఐసీయూ_నర్స్

చక్కగా చెప్పారు మేడమ్. కొందరు పిల్లలకు స్పీకింగ్ వాల్వ్ పెడితే మాట వస్తుంది. అందరికీ కుదరదు, ఈఎన్‌టీ డాక్టరు చూసి చెప్పాలి. అన్నగారూ, డిశ్చార్జ్ ముందే అడగండి.

మోడరేటర్

ఎవరూ పిల్లల పేర్లు, ఫొటోలు, రిపోర్టులు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. మందుల డోసులు రాయొద్దు. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

నరసరావుపేట_శ్రీను

మనం ఇక్కడ చెప్పుకున్నవన్నీ ఒక అర్జీగా రాస్తే ఎలా ఉంటుంది? రెండు రాష్ట్రాల్లోనూ ఇవ్వొచ్చు. నేను అనుకుంటున్నది రాస్తున్నా, సరిదిద్దండి. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల్లో ట్రాకియాస్టమీ ప్యాకేజీ ఆపరేషన్‌తో ఆగిపోకూడదు. తల్లిదండ్రుల ట్రైనింగ్, ఇంటికి కావలసిన సక్షన్ మిషన్, కెథెటర్లు, ట్యూబులు అందులో భాగం కావాలి. జిల్లా ఆసుపత్రిలో మిషన్ల బ్యాంకు ఉండాలి, ఒక ఇంట్లో అవసరం తీరాక తిరిగి ఇస్తే ఇంకో పాపకు వెళ్తుంది. కరోనా అప్పుడు వచ్చిన కాన్సంట్రేటర్లను సర్వీసింగ్ చేయించి దీనికే వాడొచ్చు. తనిఖీ బృందాలో ఆలన బండ్లో, ఏవైనా సరే, ఇలాంటి పిల్లల ఇళ్లకు క్రమం తప్పకుండా రావాలి.

వేణు_ఖమ్మం

చూసుకునేవాళ్ల భృతి కూడా రాయండి. అది లేకుండా నేను సంతకం చేయను. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 24లోనే ఉంది: ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు కేర్‌గివర్ భృతి ఇచ్చే పథకాలు పెట్టాలని. కేరళలో "ఆశ్వాసకిరణం" అని ఉంది, నెలకు 600. చాలా తక్కువే. అయినా చూసుకునే మనిషి ఒకరున్నారని ప్రభుత్వం పుస్తకంలో రాసుకుంది. మన దగ్గర పింఛను పిల్లవాడి పేరు మీద వస్తుంది, మా అక్క పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

డల్లాస్_పద్మ

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. తల్లికి డబ్బిచ్చి ఇక నర్సు అవసరం లేదనే పరిస్థితి రాకూడదు. ఇక్కడ ఆ పోకడ చూస్తున్నాం. తల్లికి భృతి, వారానికి కొన్ని గంటలైనా నర్సు, రెండూ అడగండి. నిద్రలేని తల్లికి ఎంత డబ్బిచ్చినా రాత్రి అలారం వినబడదు.

ఫిజియో_మహబూబ్‌నగర్

నర్సులు దొరకరు అంటారు, దానికీ జవాబు రాయండి. గ్రామీణ యువతకు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగుల్ని చూసుకునే సహాయకులు) కోర్సులు ప్రభుత్వ స్కిల్ స్కీముల్లో ఎప్పటి నుంచో నేర్పుతున్నారు. అందులో ట్రాకియాస్టమీ, పెగ్, సక్షన్ ఒక భాగంగా చేర్చి, జిల్లా ఆసుపత్రి వార్డులో కొన్ని వారాలు పని చేయిస్తే చాలు. కోర్సు అయిన అమ్మాయిలు ఇప్పుడు హైదరాబాద్ వెళ్లి హాస్టళ్లలో ఉంటున్నారు. సొంత మండలంలో పని ఉంటే చాలామంది ఇక్కడే ఉంటారు.

కోరుట్ల_నాన్న

అందరికీ దండాలు. ఇంటికి వచ్చాం. వచ్చి కొన్ని వారాలైంది, అందుకే రాయలేకపోయాను.

మీరు చెప్పినట్టే ఆ రెండు రాత్రులూ వార్డులో మేమే చూసుకున్నాం. నాకు ట్యూబ్ మార్చడం చేతకాదనుకున్నాను, వచ్చింది. మా మరదలు కూడా నేర్చుకుంది. సక్షన్ మిషన్ కొన్నాం, చిన్న వెంటిలేటర్ అద్దెకు తీసుకున్నాం. అద్దె భారంగానే ఉంది, ఊళ్లో కుల సంఘం వాళ్లు మూడు నెలలది కట్టారు. ఆ తర్వాత ఏంటో ఇంకా తెలియదు. ఏఈ గారికి అర్జీ ఇచ్చాను. మొన్న షట్‌డౌన్ ముందు లైన్‌మన్ నిజంగానే ఫోన్ చేశాడు.

జగిత్యాలలో పాప పేరు రాయించాను. ఆలన నర్సు ఒకసారి వచ్చారు. ట్రాకియాస్టమీ ఉన్న పాపను ఇంట్లో చూడటం ఆమెకు ఇదే మొదటిసారట. మా ఆవిడ సక్షన్ చేస్తుంటే పక్కన నిలబడి చూసి, "నాకూ నేర్పమ్మా" అన్నారు. మా ఆవిడ నేర్పింది.

పెద్దోడు ఇంటికి వచ్చేశాడు. కార్డులు వాడే గీశాడు. "అన్న" కార్డు మీద వాడి బొమ్మ పెద్దగా గీసుకున్నాడు.

శ్రీను గారూ, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వడానికి అర్జీ కాపీ పంపండి. వేణు గారన్న భృతి పాయింటు తీసేయకండి. మా ఆవిడ పేరుతోనే ఇస్తాం.

ఒక డౌటు: ఎండలు ముదిరాక పాప కఫం చిక్కగా, జిగురుగా వస్తోంది. సక్షన్‌లో సరిగ్గా రావడం లేదు. ఏం చేయాలి?

పిల్లల_ఐసీయూ_నర్స్

సంతోషం అన్నగారూ. ఎండాకాలంలో ఇది మామూలే, కానీ వదిలేయొద్దు, చిక్కటి కఫం ట్యూబ్‌ను మూసేయగలదు. ట్యూబ్ మీద పెట్టే హెచ్‌ఎమ్‌ఈ ఫిల్టర్ (పీల్చే గాలిలో తేమ నిలిపేది) పగలు వాడుతున్నారా? రోజూ మార్చాలి, కఫం అంటుకుంటే వెంటనే మార్చాలి. రాత్రి వెంటిలేటర్ హ్యుమిడిఫయర్‌లో (గాలికి తేమ ఇచ్చే భాగం) డిస్టిల్డ్ వాటర్ ఉందో చూడండి. పెగ్‌లో ఇచ్చే నీళ్లు పెంచాలా, సెలైన్ నెబ్యులైజేషన్ ఎన్నిసార్లు ఇవ్వాలి అని ఈరోజే మీ డాక్టరును ఫోన్‌లో అడగండి. కూలర్ గాలి నేరుగా పాప మెడకు తగలకుండా తిప్పండి.

కఫం పచ్చగా మారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, మామూలు కంటే ఎక్కువసార్లు సక్షన్ పెట్టాల్సి వచ్చినా ఆగకుండా ఫోన్ చేయండి. కెథెటర్ లోపలికి వెళ్లకుండా అడ్డం తగిలితే అప్పటికప్పుడు ట్యూబ్ మార్చేయండి, ఫోన్ తర్వాత.

నరసరావుపేట_శ్రీను

అన్నయ్యా, అర్జీ డ్రాఫ్టు మీకు మెసేజ్‌లో పంపాను. మా వైపు మా వదిన పేరుతో ఇదే సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తున్నాం. మిగతా జిల్లాల వాళ్లు ఎవరికి కావాలన్నా అడగండి, పంపుతాను.